షేర్డ్ ఫోల్డర్ ప్రవేశ దోషాలు: గోదావరి డెల్టా ఇళ్లు, చిన్న దుకాణాల నెట్‌వర్క్‌లు

నిర్వచనం

ఒక కంప్యూటర్‌లోని ఫోల్డర్‌ను అదే ఇంట్లోనో, దుకాణంలోనో ఉన్న మరో కంప్యూటర్ నుంచి తెరిచి వాడుకునేలా పంచి ఉంచితే దాన్ని షేర్డ్ ఫోల్డర్ అంటారు. ఫైలు ఉన్న చోటే ఉంటుంది. చూసేవాళ్లు, దిద్దేవాళ్లు వేరే సిస్టమ్ ముందు కూర్చుంటారు. ఈ పనికి ఇంటర్నెట్ అక్కర్లేదు. రెండు సిస్టమ్‌లూ ఒకే రౌటర్‌కు కేబుల్‌తోనో వైఫైతోనో కలిసి ఉంటే సరిపోతుంది. నిన్నటిదాకా తెరుచుకున్న ఫోల్డర్ ఇవాళ తెరుచుకోకపోవడం, నెట్‌వర్క్ విండోలో పక్క సిస్టమ్ కనబడకపోవడం, సరైన పాస్‌వర్డ్ కొట్టినా మళ్లీ మళ్లీ అడగడం, ఫోల్డర్ తెరుచుకున్నా లోపలి ఫైలు ‘యాక్సెస్ డినైడ్’ అనడం ప్రవేశ దోషాల కిందికి వస్తాయి. వాడుకలో అన్నిటినీ కలిపి ‘షేరింగ్ రావట్లేదు’ అనేస్తారు. వీటి కారణాలు వేరు, మందులూ వేరు.

చరిత్ర

నేడు విండోస్ సిస్టమ్‌లు ఫోల్డర్లు పంచుకునే పద్ధతి పేరు సర్వర్ మెసేజ్ బ్లాక్, పొట్టిగా ఎస్‌ఎంబీ. దీన్ని 1983లో ఐబీఎంలో బారీ ఫైగెన్‌బామ్ రూపొందించాడు. 1992లో వచ్చిన విండోస్ ఫర్ వర్క్‌గ్రూప్స్‌తో మామూలు వాడకందార్లకు ఫోల్డర్ షేరింగ్ అందింది. దాదాపు అదే కాలంలో ఆస్ట్రేలియాలోని కాన్‌బెరాలో విద్యార్థిగా ఉన్న ఆండ్రూ ట్రిజెల్ ఈ పద్ధతిని విండోస్ బయటి యంత్రాలకు తెచ్చే సాంబా సాఫ్ట్‌వేర్‌ను మొదలుపెట్టాడు. లినక్స్ సిస్టమ్‌లూ, ఎన్నో రౌటర్ల యూఎస్‌బీ షేరింగూ నేటికీ సాంబా మీదే నడుస్తున్నాయి.

ఎస్‌ఎంబీ రెండో వెర్షన్ విండోస్ విస్టాతో 2006లో, మూడోది విండోస్ 8తో 2012లో వచ్చాయి. 2009లో విండోస్ 7తో పాటు వచ్చిన హోమ్‌గ్రూప్ ఒక్క పాస్‌వర్డ్‌తో ఇంటి సిస్టమ్‌లన్నిటినీ కలిపేది. దాన్ని 2018లో విండోస్ 10 నుంచి తీసేశారు. హోమ్‌గ్రూప్‌కు అలవాటుపడ్డ ఇళ్లలో ఆ అప్‌డేట్ తర్వాత షేరింగ్ ఆగిపోయిందంటే కారణం ఇదే. ఫోల్డర్లు పోలేదు, వాటికి దారి చూపే సదుపాయం పోయింది.

ఈ చరిత్రలో పెద్ద మలుపు 2017. ఫైళ్లకు తాళం వేసి డబ్బడిగే వానాక్రై రాన్‌సమ్‌వేర్ దాడి ఆ ఏడాది మే 12న మొదలై, ఎస్‌ఎంబీ మొదటి వెర్షన్‌లోని లొసుగు గుండా ప్రపంచమంతా పాకింది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా దాని బారిన పడ్డాయి. లొసుగును పూడ్చే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ అదే ఏడాది మార్చిలోనే ఇచ్చింది, వేసుకోని సిస్టమ్‌లే ఎక్కువగా దెబ్బతిన్నాయి. 2017 అక్టోబరు విండోస్ 10 వెర్షన్ నుంచి, కొత్తగా ఇన్‌స్టాల్ చేసిన సిస్టమ్‌లలో ఎస్‌ఎంబీ మొదటి వెర్షన్ సర్వర్ భాగం మామూలుగా ఉండటం లేదు. ఆ తర్వాతి అప్‌డేట్లు ఒకప్పుడు అడక్కుండా తెరుచుకున్న తలుపులను ఒక్కోటిగా మూస్తూ వచ్చాయి. నేడు ఇళ్లలో ఎదురయ్యే దోషాల్లో చాలావాటికి మూలం ఇక్కడుంది. పాడైనది ఏమీ లేదు, నిబంధన మారిందంతే.

గోదావరి డెల్టాలో నేపథ్యం

తూర్పు, పశ్చిమ గోదావరి ప్రాంతంలో ఇంటింటికీ ఫైబర్ చేరడంతో ఇంటి నెట్‌వర్క్‌లు విస్తరించాయి. సఖినేటిపల్లి మండలం మోరి గ్రామాన్ని 2016 డిసెంబరులో డిజిటల్ గ్రామంగా ప్రారంభించారు. జీడిపప్పుకు పేరున్న ఈ ఊరు ఇప్పుడు కోనసీమ జిల్లాలో ఉంది. ఆంధ్రప్రదేశ్ స్టేట్ ఫైబర్‌నెట్ తీగలను కరెంటు స్తంభాల మీదుగా లాగి, స్థానిక కేబుల్ ఆపరేటర్ల ద్వారా ఇళ్లకు కనెక్షన్లు ఇచ్చింది. బీఎస్‌ఎన్‌ఎల్, ప్రైవేటు కంపెనీల ఫైబర్ కూడా పట్టణాల్లో తోడైంది. 2020 లాక్‌డౌన్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల పిల్లలు ల్యాప్‌టాప్‌లతో ఇళ్లకు చేరాక, ఒకే రౌటర్ కింద మూడు నాలుగు యంత్రాలు ఉండటం మామూలైంది.

ఫోల్డర్ షేరింగ్‌ను రోజంతా వాడేవి మాత్రం ఇళ్ల కంటే ఇంటికి ఆనుకుని నడిచే చిన్న వ్యాపారాలు. రాజమహేంద్రవరానికి పుస్తక ముద్రణలో పాత పేరుంది. కొండపల్లి వీరవెంకయ్య అండ్ సన్స్, గొల్లపూడి వీరాస్వామి సన్ వంటి ప్రచురణ సంస్థలు ఇక్కడివే. డీటీపీ సెంటర్లు, శుభలేఖలు వేసే ప్రెస్సులు, పెళ్లి ఆల్బమ్ స్టూడియోలు, జిరాక్స్ షాపులు డెల్టాలోని ప్రతి పట్టణంలో కనిపిస్తాయి. ఇలాంటి చోట ఒక మెయిన్ సిస్టమ్ మీద పనులన్నీ ఉంటాయి, మిగతా సిస్టమ్‌లు అందులోంచి తీసుకుంటాయి. తెలుగు డీటీపీలో పేజ్‌మేకర్, అను ఫాంట్ల వాడకం ఇంకా పోలేదు. పేజ్‌మేకర్ చివరి వెర్షన్ 7.0 వచ్చింది 2001లో. దాని కోసమే విండోస్ ఎక్స్‌పీ, విండోస్ 7 సిస్టమ్‌లను అలాగే ఉంచుకుని, వాటి పక్కన బిల్లింగుకూ ఫొటో పనికీ విండోస్ 11 సిస్టమ్ పెడతారు. ఇరవై ఏళ్ల తేడా ఉన్న రెండు యంత్రాలు ఒకే తీగ మీద మాట్లాడుకోవాల్సి రావడమే ఈ ప్రాంతపు దుకాణాల్లో షేరింగ్ దోషాలకు ప్రత్యేకత. (చూడండి: వెర్షన్ దోషాలు.)

పనిచేసే తీరు

ఒక ఫోల్డర్ తెరుచుకోవడం వెనుక వరసగా కొన్ని పనులు జరగాలి. మొదట రెండు సిస్టమ్‌ల మధ్య దారి ఉండాలి. తర్వాత పేరును బట్టి అవతలి సిస్టమ్ ఐపీ అడ్రస్ తెలియాలి. ఆపైన ఫైర్‌వాల్ 445 నంబరు పోర్టు గుండా లోపలికి రానివ్వాలి. రెండు సిస్టమ్‌లూ ఒప్పుకునే ఎస్‌ఎంబీ వెర్షన్ కుదరాలి. వచ్చినవారెవరో యూజర్‌నేమ్, పాస్‌వర్డ్‌తో తేలాలి. చివరగా ఆ యూజర్‌కు ఆ ఫోల్డర్ మీద అనుమతి ఉందా అన్నది అవతలి సిస్టమ్ చూస్తుంది. ఎక్కడ ఆగినా స్క్రీన్ మీద వచ్చే మాట దాదాపు ఒకేలా ఉంటుంది. అందుకే దోషం ఏ మెట్టు దగ్గరుందో తేల్చకుండా సెట్టింగులు మార్చుకుంటూ పోతే, సరిగా ఉన్నవి కూడా చెడతాయి.

నెట్‌వర్క్ విండోలో సిస్టమ్‌ల పేర్లు కనిపించడం ఈ వరసలో భాగం కాదు. అది వేరే సేవ. పాత రోజుల్లో ఆ జాబితాను తయారుచేసిన కంప్యూటర్ బ్రౌజర్ సేవ ఎస్‌ఎంబీ మొదటి వెర్షన్‌తో పాటే వెళ్లిపోయింది. ఇప్పుడు ఫంక్షన్ డిస్కవరీ పేరుతో ఉన్న రెండు సేవలు ఆ పని చేస్తాయి. అవి ఆగి ఉంటే విండో ఖాళీగా కనిపిస్తుంది, అయినా అడ్రస్ బార్‌లో \\192.168.1.5 అని నేరుగా కొడితే ఫోల్డర్లు రావచ్చు. సిస్టమ్ కనబడటం లేదు కాబట్టి షేరింగ్ పోయిందనుకుని విండోస్ మళ్లీ ఎక్కించినవాళ్లు లేకపోలేదు.

దోషాల రకాలు

*దారి దోషాలు.* డెల్టా ఇళ్లలో వీటికి ప్రధాన కారణం రెండు రౌటర్లు. కేబుల్ ఆపరేటర్ పెట్టిన ఫైబర్ పెట్టె కింద హాల్లో ఉంటుంది. పై అంతస్తుకు సిగ్నల్ అందక ఇంటివారు ఇంకో వైఫై రౌటర్ కొని, పెట్టె నుంచి తీగ లాగి దాని వ్యాన్ (ఇంటర్నెట్) పోర్టులో గుచ్చుతారు. ఇంటర్నెట్ రెండు చోట్లా వస్తుంది, అందరూ సంతోషిస్తారు. షేరింగ్ మాత్రం పైనుంచి కిందికి ఒకలా, కిందినుంచి పైకి ఇంకోలా ఉంటుంది. కింది సిస్టమ్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఐపీకాన్ఫిగ్ అని కొడితే 192.168.1.7 వస్తుంది, పై సిస్టమ్‌లో 192.168.0.4 వస్తుంది. ఇలాంటి ఇంటి రౌటర్లలో చుక్కల మధ్య మూడో సంఖ్య వేరుగా ఉందంటే రెండూ వేర్వేరు నెట్‌వర్క్‌లని గుర్తు. పై సిస్టమ్ తన రౌటర్ గుండా కిందికి అడగగలదు, కింది సిస్టమ్‌కు పైకి వెళ్లే దారి లేదు. రెండో రౌటర్‌ను యాక్సెస్ పాయింట్ మోడ్‌లోకి మార్చడం దీనికి సరైన మందు. ఆ మోడ్ లేని పాత రౌటరైతే, ముందు దాని సొంత అడ్రస్‌ను మొదటి రౌటర్‌తో ఢీకొట్టకుండా మార్చాలి. తర్వాత అందులో అడ్రస్‌లు పంచే డీహెచ్‌సీపీని ఆపి, తీగను వ్యాన్ పోర్టు నుంచి తీసి ల్యాన్ పోర్టులో పెట్టాలి.

గెస్ట్ వైఫైకి కలిసిన ల్యాప్‌టాప్ ఇంట్లో మరే యంత్రాన్నీ చూడలేదు, దాని ఉద్దేశమే అది. కొన్ని పెట్టెల్లో మామూలు వైఫైకి కూడా యంత్రాలను విడదీసే ఐసొలేషన్ సెట్టింగు ఉంటుంది. 169.254తో మొదలయ్యే అడ్రస్ కనిపిస్తే రౌటర్ నుంచి ఆ సిస్టమ్‌కు అడ్రసే అందలేదని అర్థం. తీగ, పోర్టు, పిన్ను చూసుకోవాలి. షేర్ చేసిన సిస్టమ్ నిద్రలోకి వెళ్లినా ఫోల్డర్ దొరకదు. చెప్పుకోవడానికి చిన్న విషయమే గానీ, మధ్యాహ్నం భోజనం వేళ వచ్చే ఫిర్యాదుల్లో తొలుత చూడాల్సింది ఇదే.

*పేరు, అడ్రస్ దోషాలు.* ఈదురుగాలులకూ తుపాన్లకూ తీరంలో కరెంటు తరచూ పోతుంటుంది. కరెంటు పోయి వచ్చాక రౌటర్ మళ్లీ మొదలై, సిస్టమ్‌లకు అడ్రస్‌లను కొత్తగా పంచవచ్చు. నిన్న 192.168.1.5 అయిన మెయిన్ సిస్టమ్ ఇవాళ 192.168.1.9 కావచ్చు. ఐపీ అడ్రస్‌తో షార్ట్‌కట్ చేసి పెట్టుకున్న దుకాణంలో అన్ని సిస్టమ్‌లకూ ఒకేసారి దారి తప్పుతుంది. రౌటర్‌లో మెయిన్ సిస్టమ్‌కు ఒక అడ్రస్‌ను రిజర్వ్ చేస్తే ఈ బెడద ఉండదు. రౌటర్‌ను కూడా ఇన్వర్టర్ మీద పెట్టుకుంటే మరీ మంచిది. పేరుతో వెతికేటప్పుడు పాత పద్ధతిలో 15 అక్షరాలకు మించిన పేర్లు పనిచేయవు. ఒకే డిస్కు నకలుతో సిద్ధం చేసిన రెండు సిస్టమ్‌లకు ఒకే పేరు ఉండిపోయినా గందరగోళమే. (చూడండి: గుర్తింపు దోషాలు.)

*ఫైర్‌వాల్ దోషాలు.* కొత్త వైఫైకి కలిసినప్పుడు విండోస్ దాన్ని సాధారణంగా పబ్లిక్ నెట్‌వర్క్‌గా లెక్కిస్తుంది. పబ్లిక్‌లో షేరింగ్ మూసి ఉంటుంది. రౌటర్ మార్చిన మర్నాడు షేరింగ్ ఆగిపోవడం వెనుక ఇదే ఉంటుంది. ఇంటి నెట్‌వర్క్‌ను ప్రైవేట్‌గా మార్చి, ఫైల్ అండ్ ప్రింటర్ షేరింగ్‌ను ఆన్ చేయడం చాలు. ఫైర్‌వాల్‌ను పూర్తిగా ఆపడం పరీక్ష కోసమైతే ఒక నిమిషం సరే, మందుగా మాత్రం తగదు. వేరే కంపెనీ యాంటీవైరస్ ఉంటే దానికి సొంత ఫైర్‌వాల్ ఉందేమో చూడాలి. పింగ్‌కు జవాబు రాలేదని దారి లేదనుకోకూడదు, విండోస్ ఫైర్‌వాల్ పింగ్‌ను కూడా ఆపగలదు. పవర్‌షెల్‌లో టెస్ట్-నెట్‌కనెక్షన్ కమాండ్‌తో 445 పోర్టును అడిగితే వచ్చే జవాబు నమ్మదగినది.

*వెర్షన్ దోషాలు.* విండోస్ ఎక్స్‌పీకి ఎస్‌ఎంబీ మొదటి వెర్షన్ తప్ప మరొకటి రాదు. విండోస్ 7కు 2.1 వచ్చు. కాబట్టి విండోస్ 7, విండోస్ 11 మధ్య షేరింగ్‌కు మొదటి వెర్షన్‌ను తిరిగి ఆన్ చేయనక్కర్లేదు. దుకాణాల్లో చాలాచోట్ల అనవసరంగా ఆన్ చేసి ఉంచుతున్నారు. ఎక్స్‌పీ ఒక్కటే అసలు చిక్కు. వానాక్రై సంగతి తెలిశాక దాని కోసం కొత్త సిస్టమ్‌ను తెరవడం కంటే, ఎక్స్‌పీని నెట్‌వర్క్ నుంచి తప్పించి పెన్‌డ్రైవ్‌తో ఫైళ్లు మార్చుకోవడమే మేలు. పేజ్‌మేకర్ మీద పని సాగుతుంది, మిగతా దుకాణం భద్రంగా ఉంటుంది.

2024లో వచ్చిన విండోస్ 11, 24హెచ్2 వెర్షన్ మరో మెట్టు బిగించింది. ప్రో వెర్షన్‌లో ఎస్‌ఎంబీ సందేశాలకు సంతకం తప్పనిసరైంది, పాస్‌వర్డ్ లేకుండా గెస్ట్‌గా వెళ్లే వీలు పోయింది. రౌటర్‌కు గుచ్చిన హార్డ్ డిస్కును పాస్‌వర్డ్ లేకుండా వాడుకుంటున్న ఇళ్లకు ఈ దెబ్బ తగిలింది. రౌటర్ సెట్టింగుల్లో యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ పెట్టుకుంటే చాలావాటికి పరిష్కారం దొరుకుతుంది. మొదటి వెర్షన్ తప్ప తెలియని పాత రౌటరైతే డిస్కును తీసి మెయిన్ సిస్టమ్‌కు పెట్టుకోవాలి.

*గుర్తింపు దోషాలు.* పిన్‌తో లాగిన్ అయ్యే అలవాటు వీటికి పెద్ద మూలం. పక్క సిస్టమ్ యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ అడిగినప్పుడు రోజూ కొట్టే నాలుగంకెల పిన్ కొడతారు. పిన్ ఆ ఒక్క యంత్రానికే చెల్లుతుంది. మైక్రోసాఫ్ట్ ఖాతా అయితే పూర్తి ఈమెయిల్, అసలు పాస్‌వర్డ్ ఇవ్వాలి. ఆ పాస్‌వర్డ్‌తో షేర్ చేసే సిస్టమ్‌లో ఒక్కసారైనా లాగిన్ అయి ఉండటం అవసరం. ఇంతకంటే తేలికైన దారి ఒకటుంది. మెయిన్ సిస్టమ్‌లో షేరింగ్ కోసమే ఒక లోకల్ యూజర్‌ను సృష్టించి, పాస్‌వర్డ్ పెట్టి, అందరూ దాన్నే వాడటం. పాస్‌వర్డ్ ఖాళీగా ఉన్న ఖాతాను విండోస్ నెట్‌వర్క్ మీదుగా రానివ్వదు.

పాస్‌వర్డ్ మార్చిన తర్వాత కూడా పాతదే క్రెడెన్షియల్ మేనేజర్‌లో గుర్తుండిపోయి, తెలియకుండానే ప్రతిసారీ అదే వెళ్తుంటుంది. అక్కడ ఆ ఎంట్రీని తీసేయాలి. ఒకే సిస్టమ్‌కు రెండు వేర్వేరు యూజర్‌నేమ్‌లతో ఒకేసారి కలవబోతే 1219 అనే సంఖ్యతో దోషం వస్తుంది. నెట్ యూజ్ కమాండ్‌తో పాత కనెక్షన్ తెంచితే పోతుంది.

సర్వీసు కుర్రాళ్లు పని త్వరగా తెమలడానికి ఒక సిస్టమ్ సిద్ధం చేసి దాని డిస్కు నకలునే మిగతావాటిలో ఎక్కించడం ఉంది. నియమం ప్రకారం సిస్‌ప్రెప్ అనే సాధనం నడిపాకే నకలు తీయాలి. అది చేయకపోతే అన్ని యంత్రాలకూ లోపలి భద్రతా గుర్తింపు సంఖ్య ఒకటే అవుతుంది. ఏళ్ల తరబడి ఇది ఎవరికీ అడ్డు రాలేదు. 2025 ఆగస్టు చివరి నుంచి వచ్చిన విండోస్ 11 అప్‌డేట్లు దీన్ని పట్టుకుంటున్నాయి. అలాంటి రెండు సిస్టమ్‌లు సరైన పాస్‌వర్డ్ ఇచ్చినా ఒకదాన్నొకటి ఒప్పుకోవు. సరైన పద్ధతిలో విండోస్‌ను తిరిగి సిద్ధం చేయడమే దీనికి శాశ్వత మార్గం.

*అనుమతి దోషాలు.* ఫోల్డర్‌కు రెండు రకాల అనుమతులు ఉంటాయి. ఒకటి షేరింగ్ ట్యాబ్‌లోది, రెండోది సెక్యూరిటీ ట్యాబ్‌లోది. కాలువకు ఎగువ తూము ఎంత ఎత్తినా దిగువ తూము వదిలినంత నీరే చేనుకు చేరుతుంది. ఇక్కడా అంతే, రెంటిలో తక్కువ ఏదైతే అదే అమల్లో ఉంటుంది. షేరింగ్‌లో ఎవ్రీవన్‌కు పూర్తి అనుమతి ఇచ్చి సెక్యూరిటీలో ఆ యూజర్‌ను చేర్చకపోతే ‘యాక్సెస్ డినైడ్’ తప్పదు.

ఒక సందర్భాన్ని దగ్గరగా చూడవచ్చు. ఆల్బమ్ స్టూడియోలో పెళ్లి ఫోల్డర్ పక్క సిస్టమ్‌లో తెరుచుకుంటుంది. నలభై ఫొటోలు వస్తాయి, ఆరు మాత్రం రావు. ఆ ఆరింటి మీద రైట్ క్లిక్ చేసి సెక్యూరిటీ చూస్తే షేరింగ్ యూజర్ పేరు ఉండదు. అవి మెయిన్ సిస్టమ్‌లో వేరే యూజర్ డాక్యుమెంట్స్ నుంచి కట్ చేసి పేస్ట్ చేసినవి. ఒకే డ్రైవ్‌లో కట్ చేసి తెచ్చిన ఫైలు తన పాత అనుమతులనే వెంట తెచ్చుకోగలదు. కాపీ చేసినదైతే కొత్త ఫోల్డర్ అనుమతులను తీసుకుంటుంది. పై ఫోల్డర్ అడ్వాన్స్‌డ్ సెక్యూరిటీలో లోపలి వాటన్నిటికీ అనుమతులు తిరిగి పంచితే ఆరూ తెరుచుకుంటాయి.

దోష సంకేతాలు

స్క్రీన్ మీది సంఖ్య ఏ మెట్టు దగ్గర ఆగిందో కొంతవరకు చెబుతుంది. చివర 80070035 అని ఉంటే అవతలి సిస్టమ్‌కు దారే దొరకలేదు. అడ్రస్, ఫైర్‌వాల్, నిద్ర చూసుకోవాలి. 80070043 లేదా 67 అయితే సిస్టమ్ దొరికినా ఆ పేరుతో షేర్ లేకపోయి ఉండవచ్చు. 1326 యూజర్‌నేమ్ లేదా పాస్‌వర్డ్ తప్పని చెబుతుంది. 80070005 అనుమతి లేదని. 80004005 మాత్రం ఏమీ చెప్పని సంకేతం, దాన్ని పట్టుకుని వెతికితే కాలం వృథా. షేర్ చేసిన ప్రింటర్‌కు చివర 11బి అనే సంకేతం రావడం 2021 సెప్టెంబరు అప్‌డేట్‌తో మొదలైంది. అప్పట్లో జిరాక్స్ షాపుల్లో ఒక సిస్టమ్‌కున్న ప్రింటర్ మిగతావాటికి అందకపోవడానికి అదొక కారణం. రెండు వైపులా సిస్టమ్‌లను అప్‌డేట్ చేయడమే దానికి దారి. మామూలు విండోస్‌లో ఒక సిస్టమ్‌కు ఒకేసారి ఇరవై కనెక్షన్లకు మించి కుదరవు. ఇంటికి ఇది ఎన్నడూ అడ్డు కాదు, కంప్యూటర్ ల్యాబుకు అడ్డు కావచ్చు.

తెలుగు ఫైళ్లు

ఫోల్డర్ పేర్లు తెలుగు లిపిలో ఉన్నంత మాత్రాన షేరింగ్ చెడదు. ఎస్‌ఎంబీ కొత్త వెర్షన్లు యూనికోడ్‌లోనే పేర్లు పంపుతాయి. పక్క సిస్టమ్‌లో తెరిచిన శుభలేఖ అర్థంకాని ఇంగ్లీషు అక్షరాలుగా కనిపిస్తే అది నెట్‌వర్క్ దోషం కాదు. అను వంటి పాత ఫాంట్లు ఇంగ్లీషు అక్షరాల సంకేతాల స్థానంలో తెలుగు ఆకారాలు పెట్టుకుంటాయి. ఫాంటు మెయిన్ సిస్టమ్‌లోనే ఉంది, ఫైలు మాత్రమే పక్క సిస్టమ్‌కు వచ్చింది. అదే ఫాంటు అక్కడా ఎక్కించాలి, లేదా ముద్రణకు పంపే ముందు పీడీఎఫ్ చేసుకోవాలి.

భద్రత

445 పోర్టును రౌటర్ నుంచి బయటి ఇంటర్నెట్‌కు తెరవకూడదు. హైదరాబాద్ నుంచో అమెరికా నుంచో ఇంటి ఫైళ్లు చూడాలంటే వీపీఎన్ గానీ క్లౌడ్ డ్రైవ్ గానీ వాడాలి. మొత్తం సి డ్రైవ్‌ను షేర్ చేయడం, ఎవ్రీవన్‌కు రాసే అనుమతి ఇవ్వడం దుకాణాల్లో తరచూ కనిపించే పద్ధతులు. ఒక సిస్టమ్‌లోకి రాన్‌సమ్‌వేర్ దూరితే, రాసే అనుమతి ఉన్న ప్రతి షేర్డ్ ఫోల్డరూ దానికి అందుబాటులో ఉంటుంది. నెట్‌వర్క్‌కు ఎప్పుడూ కలపని ఒక డిస్కులో వారానికోసారి నకలు తీసి, దాన్ని తీసి బీరువాలో పెట్టుకోవడం డీటీపీ సెంటర్‌కు అన్నిటికంటే చవకైన రక్షణ. ఆ డిస్కును యూఎస్‌బీకి గుచ్చే ఉంచితే రాన్‌సమ్‌వేర్‌కు అదీ అందుతుంది.